పోయెమ్ అయ్యి 14 నెలలు. ముద్ద దిగుతోంది, వికారం మాత్రం పోవట్లేదు

సద్దిమూట, హనుమకొండ | జనవరి 19, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాకు 36 ఏళ్లు. ప్రైవేటు బడిలో ఐదో తరగతికి చెబుతాను. రెండేళ్ల కింద అకలేజియా అని తేలింది, అంటే అన్నవాహిక కింది వాల్వ్ తెరుచుకోక తిన్నది కడుపులోకి దిగని జబ్బు. అంతకు ముందు రెండేళ్లు గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, టెన్షన్ అన్నారు. 63 కిలోలదాన్ని 49కి వచ్చాక గానీ బేరియం ఎక్స్‌రే రాయలేదు. అందులో అన్నవాహిక పైన సంచిలా ఉబ్బి, కింద పక్షి ముక్కులా సన్నబడి కనిపించింది. ముక్కులోంచి గొట్టం వేసి అన్నవాహిక ఒత్తిడి కొలిచే మానోమెట్రీలో టైప్ 2 రకం అన్నారు. పోయిన ఏడాదికి ముందటి నవంబర్‌లో హైదరాబాద్‌లో పోయెమ్ చేశారు, అంటే పొట్ట కోయకుండా నోటి దారిన పోయి ఆ వాల్వ్ కండరాన్ని కోసే చికిత్స.

పోయెమ్ నాకు మేలే చేసింది. అన్నం దిగుతోంది. బరువు 54కి వచ్చింది. ఛాతిలో పట్టేసే నొప్పి నెలకోసారి వస్తే ఎక్కువ. కానీ వికారం పట్టుకుంది. పొద్దున బ్రష్ చేసేటప్పుడు మొదలవుతుంది. రెండో పీరియడ్ దాకా కడుపులో తిప్పుతూనే ఉంటుంది. సాయంత్రం చాయ్ తాగాక మళ్లీ. కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు, వారంలో రెండు మూడు సార్లు నీళ్ల విరేచనాలు. బోర్డు మీద రాస్తూ రాస్తూ చాక్‌పీసు పక్కన పెట్టి బయటికి పరుగెత్తిన రోజులున్నాయి.

డాక్టర్ దగ్గరికి పోతే మొదటి ప్రశ్న "మింగడం బాగుందా?" బాగుందంటాను. "అయితే ఇంకేం, సక్సెస్" అంటారు. ఇంట్లోనూ అదే మాట. అంత ఖర్చు పెట్టి చేయించాక ఇంకా బాగాలేదని చెప్పడానికి నోరు రావట్లేదు.

సంక్రాంతికి మా అత్తమ్మ సకినాలు చుట్టింది. నాకోసం కొన్ని పాలలో నానబెట్టి పెట్టింది. ఆవిడ ప్రేమ కాదనలేక తిన్నాను, ఆ రాత్రంతా కూర్చునే ఉన్నాను. పొద్దున దిండు గలేబు మీద పసుపు మరక. నిద్రలో ఎప్పుడు వచ్చిందో కూడా తెలియలేదు.

చికిత్స అయ్యాక కూడా ఇలా వికారంతో బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏం చేశారు?

తంగేడుపువ్వు, జగిత్యాల | జనవరి 19, రాత్రి 11:25

అక్కా, ఉన్నాను. నాది అకలేజియా కాదు. రక్తం బాగా తక్కువై అన్నవాహిక పైభాగంలో సన్నటి పొరలా అడ్డం వచ్చింది. ఎండోస్కోపీలో దాన్ని తెరిచి, రక్తం ఎక్కడానికి మందులిచ్చారు. మింగడం సర్దుకుంది, వికారం చాలా కాలం ఉంది. అప్పట్లో నాకింకా పెళ్లి కాలేదు. పెళ్లయిన మా అక్కకు ఇలా ఉంటే "నెల తప్పిందా" అని అడుగుతారు, నన్ను మాత్రం అనుమానంగా చూసేవాళ్లు. ఆ చూపులకే తిండి మానేసిన రోజులున్నాయి.

ఒక్క విషయం తప్పకుండా చెప్పాలి. వికారం ఎక్కువైన ఒక రాత్రి మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వాంతుల ఇంజక్షన్ వేయించారు. గంట తిరక్కుండానే మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, దవడ బిగుసుకుంది, కళ్లు పైకి పోయాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని నిమ్మకాయలు తెచ్చారు. మా పెద్దమ్మ కొడుకు బలవంతంగా పెద్ద దవాఖానకు తీసుకుపోతే, అక్కడ ఇంకో ఇంజక్షన్ వేసిన కాసేపటికే మెడ తిన్నగా అయ్యింది. మొదట వేసింది మెటోక్లోప్రమైడ్ అని అక్కడే చెప్పారు. ఆ మందుతో కొందరికి, ముఖ్యంగా వయసులో ఉన్న ఆడవాళ్లకు, ఇలా అవుతుందట. ఇప్పుడు ఎక్కడికి పోయినా ఆ పేరు చెప్పి అది వద్దంటాను.

కాజీపేట జంక్షన్ | జనవరి 20, ఉదయం 6:10

అమ్మా, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా ఇంటావిడకు 11 ఏళ్లుగా ఇదే జబ్బు. అప్పుడు పోయెమ్ గురించి మాకు తెలియదు, ఆ వాల్వ్‌ను సాగదీయడానికి రెండుసార్లు బెలూన్ పెట్టించాం. మొదట 30 మిల్లీమీటర్లది, మూడేళ్లకు 35ది.

మేం పాటించేవి రాస్తాను. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. రెండు దిండ్లు పెడితే మెడ వంగుతుంది తప్ప ఛాతి లేవదు, కాబట్టి మంచమే ఎత్తాలి. రాత్రి తిండి 7 గంటలకు అయిపోతుంది, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు తప్ప ఏమీ లేదు. చల్లనీళ్లు తాగితే ఆవిడకు ఛాతిలో బిగుసుకుంటుంది, ఫ్రిజ్ నీళ్లు మా ఇంట్లో ఎవరం తాగం. బువ్వ మెత్తగా వండి పెసరపప్పు కట్టుతో. జొన్న గటక మజ్జిగలో కలిపి. రొట్టె అయితే పాలలో నానాలి. పాలు బాగా తాగించండి, బలం వస్తుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకో. ఏం తిన్నావు, ఎన్నింటికి, ఎప్పుడు తిప్పింది. మా ఆవిడకు చదువు రాదు, నేను రాసిపెట్టేవాణ్ణి. డాక్టరుకు ఆ పుస్తకం ఇస్తే ఆయన పది నిమిషాలు తిప్పి చూశాడు. అంతకు ముందు ఏ డాక్టరూ మాకు పది నిమిషాలు ఇవ్వలేదు.

మబ్బులలేచేది, వరంగల్ | జనవరి 20, మధ్యాహ్నం 2:50

సద్దిమూటా, నేను స్టాఫ్ నర్సును, 16 ఏళ్ల సర్వీసు. డాక్టర్ని కాదు, కాబట్టి ఇది సలహాగానే తీసుకో. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అందులో మూడు నాలుగు వేర్వేరు బాధలు ఒకే మూటలో కట్టి ఉన్నాయి. వాటిని విడదీసి డాక్టరు ముందు పెట్టాలి.

ముందు ఒక తేడా చెప్తాను. వాంతి వేరు, తిన్నది తిరిగి రావడం వేరు. వాంతికి ముందు వికారం వస్తుంది, నోట్లో నీళ్లూరతాయి, పొట్ట కండరాలు బిగిసి ఓకరింపు వస్తుంది, వచ్చేది పుల్లగానో చేదుగానో ఉంటుంది. తిరిగి రావడం అలా కాదు. వంగితేనో పడుకుంటేనో, ఏ ఓకరింపూ లేకుండా, తిన్నది తిన్నట్టే నోట్లోకి వస్తుంది. పులుపు ఉండదు, ఎందుకంటే అది కడుపు దాకా పోనేలేదు. పోయెమ్‌కు ముందు నీకు వచ్చింది అలాంటిదే అయ్యుంటుంది. ఇప్పుడు వచ్చేది ఏది? దిండు మీది పసుపు మరక పుల్లటి వాసన వచ్చిందా, మామూలు అన్నం వాసనా?

ఎందుకు అడుగుతున్నానంటే, అకలేజియా అంటే అన్నవాహిక కింది వాల్వ్ తెరుచుకోకపోవడం, పైనుంచి తోసే అలలు ఆగిపోవడం. పోయెమ్‌లో ఆ వాల్వ్ కండరాన్ని లోపలి నుంచి కోస్తారు. తలుపు తెరుచుకుంటుంది, కానీ అటునుంచి యాసిడ్ పైకి రావడానికీ అదే తలుపు. పైగా అలలు లేవు కాబట్టి పైకి వచ్చిన యాసిడ్‌ను కిందికి కడిగేసే శక్తి ఆ గొట్టానికి లేదు. పోయెమ్ తర్వాత చాలామందికి యాసిడ్ పైకి తన్నుతుంది. కొందరికి మంట తెలియదు, వికారంగానే తెలుస్తుంది.

"మింగడం బాగుందా" అని మాత్రమే అడిగారన్నావు కదా. దానికీ కారణం ఉంది. ఈ జబ్బుకు ఎకార్ట్ స్కోర్ అని ఒక లెక్క ఉంది. మింగలేకపోవడం, తిరిగి రావడం, ఛాతి నొప్పి, బరువు తగ్గడం, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 12. చికిత్స తర్వాత 3 లేదా తక్కువ ఉంటే బాగున్నట్టే లెక్క. నీది 2 కూడా దాటకపోవచ్చు. కానీ ఆ నాలుగింటిలో వికారం లేదమ్మా. నువ్వే నోరు తెరిచి చెప్పకపోతే ఆ కాగితం మీద నీ బాధకు గడి లేదు.

ఇప్పుడు నాకు ఇవి చెప్పు. ఏ ఏ మాత్రలు వేసుకుంటున్నావు, ఏ టైముకు? రాత్రి ఎన్నింటికి తింటావు, ఎన్నింటికి పడుకుంటావు? పాలు ఎంత తాగుతున్నావు? నెలసరి సరిగ్గా వస్తోందా? అందరూ అడిగి విసిగించే ప్రశ్నే, కానీ మందులు మార్చే ముందు తేల్చుకోవాల్సిందే.

సద్దిమూట, హనుమకొండ | జనవరి 20, రాత్రి 9:55

అక్కా, ఇంత ఓపికగా ఎవరూ అడగలేదు. చదువుతుంటే ఏడుపొచ్చింది.

మరక పుల్లటి వాసనే. గొంతు కూడా మండింది. మీరు చెప్పాక ఆలోచిస్తే, ఇది ముందటిలా కాదు. ముందు అన్నం మెతుకులు అలాగే వచ్చేవి, చేదు ఉండేది కాదు.

మాత్రలు: రాత్రి తిన్నాక పాంటాప్రజోల్ ఒకటి. మధ్యాహ్నం తిన్నాక ఐరన్. కాల్షియం గుర్తున్నప్పుడు. తలనొప్పికి వారంలో మూడు రోజులైనా నొప్పి మాత్ర. బడి అయ్యాక ట్యూషన్ ఉంటుంది, తినేసరికి 9:30, పడుకునేది 10:30. పాలు రోజుకు దాదాపు లీటరు. బరువు పెరగాలని పోయెమ్ తర్వాత మొదలుపెట్టాను, పొద్దున పొడి కలిపి రెండు గ్లాసులు, సాయంత్రం ఒకటి, రాత్రి ఒకటి. నెలసరి వస్తోంది, టెస్టు కూడా చేసుకున్నాను, లేదు.

గోదారి గడ్డ, మంచిర్యాల | జనవరి 21, ఉదయం 8:15

నమస్తే. మా బాపుకు 68. సింగరేణిలో పనిచేసిండు. ఆర్నెల్ల కింద పక్షవాతం వచ్చినప్పటి నుంచి మింగుడు సరిగా లేదు. ఆయనకూ వికారం, వాంతులు. ఇక్కడ అందరూ పలుచగా తినాలని రాస్తున్నారు కదా, నేను కూడా నిన్నటి నుంచి అంబలి బాగా పలుచగా చేసి తాగిస్తున్నా. కానీ తాగినప్పుడల్లా పొలమారుతోంది, దగ్గు ఆగట్లేదు. ఇంకా పలుచగా చేయాలా?

మబ్బులలేచేది, వరంగల్ | జనవరి 21, ఉదయం 8:40

తమ్ముడూ, ఆపు. డ్యూటీలో ఉన్నా, అయినా ఇది ముందు రాస్తున్నాను. మీ బాపుకు పలుచటివి ఇవ్వకు.

ఆయన ఇబ్బంది గొంతులో. సద్దిమూట ఇబ్బంది ఛాతిలో. రెండింటినీ మింగుడు పడట్లేదనే అంటాం గానీ దారులు వేరు. పక్షవాతం తర్వాత గొంతు కండరాలు సరైన టైముకు మూసుకోవు, నీళ్లలాంటివి జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలాంటివాళ్లలో చాలామందికి చిక్కటివే నయం, కానీ ఎంత చిక్కగా అనేది స్పీచ్ థెరపిస్టు మింగించి చూసి చెప్పాలి. పక్షవాతానికి చూసిన డాక్టరునే అడిగితే వాళ్ల దగ్గరికి పంపిస్తారు. అప్పటిదాకా పడుకోబెట్టి ఏదీ తాగించొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒకటి మింగాకే రెండోది. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. నోరు రోజుకు రెండుసార్లు శుభ్రం చేయి, నోట్లో పాచి ఉంటే అదే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

జ్వరం ఉందా? తిన్నాక గొంతులో గురగుర శబ్దం వస్తోందా? ఏది ఉన్నా ఈరోజే చూపించు.

గోదారి గడ్డ, మంచిర్యాల | జనవరి 21, సాయంత్రం 7:30

అక్కా, గురగుర ఉండె. జ్వరం కూడా కొద్దిగా. తీసుకుపోయిన. ఎక్స్‌రేలో కుడి పక్కన కింద నిమ్ము అన్నారు, అడ్మిట్ చేసుకున్నారు. ముక్కులో నుంచి గొట్టం వేసి పాలు పోస్తున్నారు. నేను పొద్దున అడగకపోతే రాత్రికి మళ్లీ అంబలి తాగించేవాణ్ణి. మీ రుణం తీర్చుకోలేను.

ములుగు దారి | జనవరి 22, రాత్రి 10:05

నాకూ అకలేజియానే. ఇది ఎన్నేళ్లుగానో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ పేరు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

జబ్బు బయటపడక ముందు నాలుగేళ్లు మా ఇంట్లో అందరూ ఒకటే మాట, నాకు ఎవరో మందు పెట్టారని. తిన్నది నిలవదు, మనిషి కృశించిపోతున్నాడు, ఇంకేముంటుంది అని. మందు కక్కించేవాళ్ల దగ్గరికి మూడు ఊళ్లు తిప్పారు. ఒకచోట ఏదో ఆకు పసరు పోసి వంగబెట్టారు. ముద్దలా ఒకటి బయట పడింది. "ఇదిగో నీకు పెట్టిన మందు" అని చూపించాడు. మా అమ్మ దండం పెట్టింది. పక్కింటివాళ్లతో మాకు మాటలు తెగిపోయాయి, వాళ్లే పెట్టారని.

అకలేజియా అని తేలి, తిన్నది రోజుల తరబడి అన్నవాహికలోనే నిలిచిపోతుందని డాక్టరు బొమ్మ గీసి చెప్పినప్పుడు నాకు ఆ ముద్ద గుర్తొచ్చింది. అందులో చిక్కుడు గింజ ఉంది. దానికి రెండు రోజుల ముందు మా ఇంట్లో చిక్కుడుకాయ కూర. అది నేను తిన్న అన్నమే.

ఆ పసరు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే నేను ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. ఊళ్లల్లో ఎవరైనా ఇలా కక్కుతూ కృశించిపోతుంటే దయచేసి ముందు ఎండోస్కోపీ, బేరియం చేయించమని చెప్పండి. వయసు మీరినవాళ్లయితే, కొద్ది నెలల్లోనే గట్టివి, తర్వాత మెత్తవి దిగకుండా పోతుంటే అసలు ఆలస్యం చేయొద్దు, అది క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

పక్కింటివాళ్లతో మాటలు ఇంకా కలవలేదు. ఈ ఏడాది మేడారం పోయి వచ్చాక బెల్లం ప్రసాదం నేనే పట్టుకుపోయి వాళ్ల గడప తొక్కుదామనుకుంటున్నాను.

పరకాల బడిపంతులు | జనవరి 23, ఉదయం 7:20

ములుగు తమ్ముడూ, తప్పకుండా పో. తలుపు తీస్తారు.

నేను సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. నా చిన్న కొడుక్కి ఈ జబ్బు వచ్చాక దొరికిందల్లా చదివాను. ఇది కొత్త రోగం కాదు. 1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు ఇలాంటి రోగి గురించి రాశాడు. తిమింగలం ఎముక చివర స్పాంజి కట్టి, దాంతో ఆ మనిషే ప్రతి తిండికీ ముద్దను కిందికి తోసుకునేవాడట. 1913లో జర్మనీలో హెల్లర్ అనే సర్జన్ ఆ కండరాన్ని మొదటిసారి కోసి దారి చేశాడు. జపాన్‌లో ఇనోయె అనే డాక్టరు 2008లో పొట్ట కోయకుండా నోటి దారిన అదే పని చేయడం మొదలుపెట్టాడు, అదే పోయెమ్. ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు. మా వాడు "నాకే ఎందుకు" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఈ కథ చెప్పాను. వాడు ఎముకతో తోసుకున్న ఆ మనిషి గురించే చాలాసేపు అడిగాడు.

సద్దిమూట తల్లీ, రోజూ గుప్పెడు సొంఠి, జీలకర్ర వేయించి పొడి కొట్టి నోట్లో వేసుకో. వికారానికి మన పెద్దల మందు.

తంగేడుపువ్వు, జగిత్యాల | జనవరి 23, ఉదయం 9:00

పంతులు గారూ, కోపగించుకోకండి. పొడి నేరుగా నోట్లో వేసుకుంటే ఇలాంటి గొంతుల్లో అంటుకుపోతుంది, నాకైతే ఊపిరాడలేదు. అల్లం వికారానికి కొంత పనిచేస్తుంది నిజమే. చిన్న ముక్క నీళ్లలో మరిగించి వడకట్టి గోరువెచ్చగా రెండు గుక్కలు తాగితే చాలు. ఎక్కువైతే ఛాతి మంట.

పరకాల బడిపంతులు | జనవరి 23, ఉదయం 9:35

నిజమేనమ్మా, పొడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా వాడికి కషాయమే ఇస్తాం, రాయడంలో పొరపాటు చేశాను.

మబ్బులలేచేది, వరంగల్ | జనవరి 23, రాత్రి 8:30

సద్దిమూటా, ఆలస్యమైంది. నీ లిస్టు చూశాక నా అనుమానాలు రాస్తున్నాను, ఇవి పట్టుకుని నీ గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి పో.

పాంటాప్రజోల్ రాత్రి తిన్నాక వేసుకుంటే సగం దండగ. అది తిండికి అరగంట ముందు ఖాళీ కడుపున పడాలి. దాన్ని నూరి మింగొద్దు, పై పూత పోతే పనిచేయదు. మాత్ర దిగడం కష్టమైతే లోపల చిన్న గుళికలుండే క్యాప్సూల్ రకాలున్నాయి, వాటిలో కొన్నింటిని విప్పి గుళికలు నమలకుండా మెత్తటి దాంట్లో కలిపి మింగవచ్చు. ఏ కంపెనీది అలా వాడొచ్చో మందుల షాపులో అడుగు.

ఐరన్ మాత్ర, నొప్పి మాత్ర రెండూ అన్నవాహికలో ఆగితే అక్కడే పుండు చేస్తాయి. అలలు లేని గొట్టంలో ఆగకుండా ఎలా ఉంటాయి? ఐరన్ కడుపును కూడా తిప్పుతుంది. నొప్పి మాత్రలు ఇకనుంచి నీ అంతట నువ్వు కొనుక్కోకు. ఏ మాత్రైనా నిలబడి, నిండా గ్లాసు నీళ్లతో.

లీటరు పాలు. నాకు ఇదే పెద్ద అనుమానం. మనలో చాలామంది పెద్దవాళ్లకు పాలలోని లాక్టోజ్ అరగదు. ఉబ్బరం, నీళ్ల విరేచనాలు, వికారం, మూడూ దాంతో రావచ్చు. రెండు వారాలు పాలు ఆపి పెరుగు, మజ్జిగతో గడిపి చూస్తే తెలిసిపోతుంది.

వికారానికి మందు అవసరమైతే నాలుక మీద కరిగే ఆన్‌డాన్‌సెట్రాన్ ఉంది, మింగే పని లేదు, కానీ మలబద్ధకం చేస్తుంది. డోంపెరిడోన్ ఊరికే కొనుక్కుని వాడొద్దు, గుండె లయ మీద ప్రభావం ఉంటుంది.

అందరికీ ఒక మాట. నీళ్లు కూడా దిగకపోయినా, వాంతిలో రక్తం వచ్చినా, మలం తారులా నల్లగా ఉన్నా (ఐరన్ వేసుకునేవాళ్లకు ఎలాగూ నల్లగానే ఉంటుంది, అయినా చెప్పండి), బెలూన్ లేదా పోయెమ్ అయిన రోజుల్లో ఛాతి నొప్పి, జ్వరం వచ్చినా ఇక్కడ పోస్టు పెట్టి ఎదురుచూడొద్దు. ఎమర్జెన్సీకి పోవాలి. వారాల తరబడి తిండి నిలవని మనిషికి సెలైన్ పెట్టిస్తుంటే బి1 విటమిన్ సంగతి అడగండి. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

కాజీపేట జంక్షన్ | జనవరి 24, ఉదయం 6:05

పాలు బాగా తాగమని రాసింది నేనే. మా ఆవిడకు పడ్డాయి కదా అని అందరికీ పడతాయనుకున్నాను. క్షమించమ్మా.

సద్దిమూట, హనుమకొండ | ఫిబ్రవరి 16, రాత్రి 9:10

అన్నా, మీరు చెప్పిన నోటుబుక్కే నాకు దారి చూపింది, క్షమాపణ మాట అనకండి.

హైదరాబాద్ పోయి వచ్చాను. ఈసారి నోటుబుక్కుతో పోయాను, 20 రోజులు రాసింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "మింగడం బాగుంది. నేను వచ్చింది వికారం కోసం" అని రాసుకున్నాను. నోటితో చెప్పడానికి ధైర్యం చాలదేమోనని. డాక్టరు ఆ పేజీ చదివి కుర్చీ ముందుకు లాక్కున్నారు.

టైమ్‌డ్ బేరియం చేశారు. 1, 2, 5 నిమిషాలకు మూడు ఎక్స్‌రేలు. ఐదో నిమిషానికి నేను తాగిన బేరియం అన్నవాహికలోంచి దాదాపు ఖాళీ అయిపోయింది, అంటే పోయెమ్ దారి బాగానే ఉంది. ఎండోస్కోపీలో మాత్రం అన్నవాహిక కింది చివర గీతల్లా పుండ్లు, తీవ్రతలో గ్రేడ్ బి అన్నారు. యాసిడ్ వల్లనే. దానికంటే పైన ఒకచోట గుండ్రటి పుండు, అది మాత్ర ఆగిన చోటు కావచ్చన్నారు. నాకు మంట పెద్దగా లేదు కాబట్టి ఇంత ఉందని అనుకోలేదు.

యాసిడ్ మందు ఇప్పుడు పొద్దున, సాయంత్రం తిండికి అరగంట ముందు, 8 వారాలు. ఐరన్ మాత్రలు ఆపి, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) బాగా తక్కువగా ఉంటే ఐరన్‌ను రక్తనాళం ద్వారా ఎక్కించారు. నొప్పి మాత్రలు బంద్. బి12 కూడా తక్కువే ఉంది, ఇంజక్షన్లు రాశారు. పాలు ఆపాను. విరేచనాలు ఆరో రోజుకే ఆగాయి. ఇన్ని నెలలు నేనే గ్లాసు గ్లాసు కొలిచి ఆ బాధ తాగాను.

వికారం మాత్రం సగమే తగ్గింది. ఇంకా ఆగకపోతే కడుపు ఖాళీ అయ్యే వేగం, పేగుల్లో బ్యాక్టీరియా పెరిగిందా అనేవి చూద్దామన్నారు.

ట్యూషన్ మానేశాను. నెలకు 4,000 పోతుంది. మా ఆయన "7 గంటలకు నువ్వు తినాలంటే ఇంకో దారి లేదు కదా" అన్నాడు. మా అత్తమ్మ ఇటుకలు తెప్పించి మంచం తనే ఎత్తించింది.

గోదారి గడ్డ, మంచిర్యాల | ఫిబ్రవరి 17, ఉదయం 7:45

అక్కా, సంతోషం. బాపు ఇంటికి వచ్చిండు. ముక్కు గొట్టం తీసేశారు. గెడ్డం కిందికి వంచి మింగుడు నేర్పించారు, రాగి జావ చెంచా నిలబడేంత చిక్కగా చేస్తున్నా. నిన్న నా పేరు పెట్టి పిలిచిండు.

ఖర్చుల మాట ఎవరైనా చెప్తారా? మా తమ్ముడు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగిన టికెట్లే చాలా అయ్యాయి.

ములుగు దారి | ఫిబ్రవరి 17, రాత్రి 9:20

తమ్మీ, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో కుటుంబానికి 10 లక్షలకు పెంచారు. కానీ ఏ చికిత్స అందులో ఉంది, ఏ ఆసుపత్రిలో చేస్తారనేది ముందే కనుక్కోవాలి. లిస్టులో ఉన్న ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అని కూర్చుంటారు, అడ్మిట్ కాకముందే వాళ్లను అడుగు. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ పట్టుకుపో. ఎక్స్‌రే ఫిల్ములు పారేయొద్దు, పాతది కొత్తది పక్కపక్కన పెట్టి చూస్తారు.

పక్కింటికి పోయి వచ్చిన. పెద్దావిడ బెల్లం తీసుకుంది. ఏమీ మాట్లాడలేదు, కానీ కూర్చోమని కుర్చీ వేసింది.

సద్దిమూట, హనుమకొండ | ఉగాది మరునాడు, సాయంత్రం 6:30

వికారం ఇప్పుడు వారంలో రెండు రోజులు. వచ్చినప్పుడు పిల్లలతో ఎక్కాలు చదివిస్తూ కిటికీ దగ్గర నిలబడతాను, అప్పటికి తగ్గిపోతుంది. బరువు 55న్నర. నిన్న ఉగాది పచ్చడి చింతపులుసు ఎక్కువని భయపడి రెండు చెంచాలే, వడకట్టుకుని తాగాను. వేపపువ్వు చేదు చాలా కాలానికి నోటికి తగిలింది. నిలిచింది.

మానేరు ఒడ్డు, సిరిసిల్ల | ఉగాది మరునాడు, రాత్రి 8:15

అక్కా, మొత్తం చదివాను. నాకు 24. మగ్గాల షెడ్డులో పని. బేరియంలో అకలేజియా లాగుందన్నారు, ఎల్లుండి మానోమెట్రీ. ముక్కులో గొట్టం అంటే చాలా భయంగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు. బాగా నొప్పి ఉంటుందా?

సద్దిమూట, హనుమకొండ | ఉగాది మరునాడు, రాత్రి 8:22

తమ్ముడూ, భయపడకు, చెప్తాను. ముక్కుకు మొద్దుబారే జెల్లీ పెడతారు. గొట్టం గొంతు దాటేటప్పుడు ఓకరింపు వస్తుంది, కళ్లల్లో నీళ్లొస్తాయి, అర నిమిషం. అప్పుడు గెడ్డం కిందికి పెట్టి, నీళ్లు మింగమన్నప్పుడు మింగు, ముక్కుతో మెల్లగా ఊపిరి పీల్చు. ఒకసారి లోపలికి పోయాక నొప్పి ఉండదు, వింతగా ఉంటుంది అంతే. తర్వాత పడుకోబెట్టి, చెంచాడేసి నీళ్లు పదిసార్లు మింగిస్తారు. మధ్యలో ఊరికే ఉమ్ము మింగొద్దు, లెక్క తప్పుతుంది. మొత్తం అరగంట లోపే.

ముందు రోజు ఏం తినాలో ఇవాళే ఫోన్ చేసి అడుగు. మనలాంటివాళ్లకు అన్నవాహికలో తిండి నిలిచి ఉంటుంది కాబట్టి మామూలు వాళ్లకంటే ఎక్కువసేపు ఖాళీగా ఉంచమంటారు. వేసుకునే మందులన్నీ వాళ్లకు చెప్పు.

వికారం కూడా ఉంటే చెప్పు, వాళ్లు అడగరు. ఎవరినైనా తోడు తీసుకుపో. ఎవరూ లేకపోతే ఎల్లుండి పొద్దున ఇక్కడ రాయి, నాకు 8 గంటల దాకా బడి లేదు.

మబ్బులలేచేది, వరంగల్ | ఉగాది మరునాడు, రాత్రి 8:50

నాకు నైట్ డ్యూటీ, పొద్దున 6 నుంచి ఉంటాను తమ్ముడూ. రాయి.